గుమ్మి వెచ్చబడిన చలికాలం

నేను ఒక కడుపును. చేతులు లేవు, కాళ్లు లేవు, ముఖం లేదు. పైన ఒక నోరు, అడుగున పిడికిలి పట్టేంత ఒక బెజ్జం, ఆ రెంటికీ నడుమ చీకటి. మనుషులు నన్ను గుమ్మి అంటారు. వెదురు బద్దలతో అల్లి, లోపలా బయటా పుట్టమన్నూ పేడా కలిపి మెత్తి, ధాన్యం పోసుకోవడానికి ఇంట్లో ఒక మూల నిలబెట్టుకుంటారు. మనిషికన్నా జానెడు ఎత్తుంటాను. నన్ను కౌగిలించుకోవాలంటే ఇద్దరు కావాలి.

కడుపు సంగతి అందరికీ తెలిసిందే అనుకుంటారు మీరు. నాకు అనుమానమే. మీ కడుపు నిండితే మీకు తెలుస్తుంది, నిండకపోతే ఇంకా బాగా తెలుస్తుంది. నాకు అలా కాదు. బరువులో తేడా తప్ప నిండడమూ ఖాళీ కావడమూ నాకు ఒకటే. నా గురించి కంగారుపడేది ఎప్పుడూ నా బయట నిలబడ్డవాళ్లే. తమ ఆకలిని తెచ్చి నా లోపల దాచుకుని, అది అక్కడ ఉందో లేదోనని మళ్లీ మళ్లీ వచ్చి చూసుకుంటారు. ఈ వింత నాకు పుట్టినప్పటినుంచీ ఉంది, ఇప్పటికీ తీరలేదు.

నన్ను అల్లినవాడు రాజలింగు అనే మేదరి. నిర్మల్ దాటాక అడవి మొదలయ్యే చోట, ఒక చిన్న ఊళ్లో, పెంకుటింటి పంచలో కూర్చుని అల్లాడు. ఇంత పెద్ద బుట్టను బయటనుంచి అల్లడం కుదరదు. అందుకని అడుగు అల్లగానే దాని నడుమ గొంతుక్కూర్చున్నాడు. చుట్టూ గోడ లేస్తున్నకొద్దీ అతను కనుమరుగవుతూ వచ్చాడు. చివరికి అంచు మాత్రం మిగిలాక రెండు చేతులూ ఆనించి, దూకి బయటపడ్డాడు.

"ఇగ దీంట్ల పడ్డది గింజన్న కావాలె, ఎలుకన్న కావాలె. మనిషైతే పడొద్దు," అన్నాడు నడుము పట్టుకుని.

నా మొదటి జ్ఞాపకం అదే. లోపల ఒక మనిషి ఉండడం, ఆ తర్వాత లేకపోవడం.

కానీ రాజలింగు మాట నిలవలేదు. నా లోపలి పూత ఏటా కొత్తగా వేయాలి. లేకపోతే పురుగు పడుతుంది. ఆ పనికి మనిషి లోపలికి దిగాల్సిందే. నన్ను అల్లించుకున్న ఇంట్లో అది చిన్న కోడలి వంతు. సన్నగా ఉంటుంది, ఎదురు చెప్పదు, ఈ రెండూ కావాలి ఆ పనికి. అట్లా నా లోపలికి మొదట దిగిన కోడలు లింగుబాయి. అప్పటికామెకు మీసం రాని మగపిల్లవాడంత ఒళ్లు. ముద్ద మట్టి చేత్తో గోడకు రాస్తూ, బయటివాళ్లకు వినపడదన్న ధైర్యంతో నాతో మాట్లాడింది. మనుషులు గుడిలో మాట్లాడే మాటలు కూడా ఎవరో వింటారన్న ఎరుకతోనే మాట్లాడతారు. గుమ్మిలో మాట్లాడేవి అట్లా ఉండవు.

"నువ్వు నిండుగ ఉండాలె. మా అవ్వ గుమ్మి లెక్క చెయ్యకు," అంది.

కరువు పట్టిన ఒక ఏడు చలికాలంలో ఆమె తల్లి చిన్న లింగుబాయి చేతికి చాట ఇచ్చి, రొట్టెలకు జొన్నలు తెమ్మంది. పిల్ల వెళ్లి గుమ్మి అడుగు బెజ్జానికి కుక్కిన గుడ్డ తీసింది. గింజలు రాలలేదు. చెయ్యి పెట్టింది. మోచేతి దాకా పెట్టింది, భుజం దాకా పెట్టింది. వేళ్లకు దుమ్ము తగిలింది. తల్లికి తెలియక పంపిందో, తెలిసీ పంపిందో ఆ పిల్లకు అర్థం కాలేదు. గింజల్లేవని చెబితే ఏమవుతుందోనని చెయ్యి బయటికి తీయకుండా అట్లాగే కూర్చుండిపోయింది. తల్లి వచ్చి చూసేదాకా.

ఆ చెయ్యి ఇంకా అక్కడే ఉందని నా అనుమానం. లింగుబాయి పెద్దదైంది, అడెల్లు అనే కొడుకును కన్నది, మొగుణ్ని పోగొట్టుకుంది, తలకాయ నెరిసింది. అయినా పొద్దున లేవగానే మొహం కడుక్కోకముందే నా దగ్గరికొచ్చి వేలి కణుపులతో తట్టేది. అడుగునుంచి మొదలుపెట్టి పైదాకా. గింజలున్నంత వరకు చప్పుడు మొద్దుగా వస్తుంది, గింజలు లేనిచోట డొల్లగా మోగుతుంది. ఆ రెండు చప్పుళ్లు మారే చోట ఒక క్షణం ఆగి, చెవి ఆనించి, అప్పుడు పొయ్యి ముట్టించేది. నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత తేడా ఉంటుంది? తినేది వాళ్లే, తీసేది ఆమే. అయినా తట్టేది. దొంగ ఎవరనుకునేదో ఆమెకే తెలియాలి.

జొన్నలు సరిపడా పండని ఏడు అడెల్లు దీపావళి కాగానే చెరుకు నరికే గుంపుతో లారీ ఎక్కేవాడు. ఉగాదికి తిరిగొచ్చేవాడు. మొహం నల్లబడి, అరచేతులు కాయలు కాసి, రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా. అందుకే ఆ ఇంట్లో లెక్క చాలా సులువు. గుమ్మి నిండితే అడెల్లు ఉంటాడు, నిండకపోతే పోతాడు. సుగుణను పెళ్లి చేసుకున్న ఏడు ఆ లెక్క ఇంకొంచెం బరువెక్కింది. పూత వేయడానికి లోపలికి దిగిన ఆ కొత్త కోడలు, మట్టి రాయడం ఆపి, నా గోడకు నుదురు ఆనించి అన్నమాట ఇది.

"నువ్వు నిండితె సాలు. ఆయన్ని లారీ ఎక్కనియ్యకు."

అత్త అడిగిందీ కోడలు అడిగిందీ ఒకటే. ఒకరు అడిగింది ఇంకొకరికి తెలియదు.

ఆ ఏడు పంట బాగా వచ్చింది. జొన్న కంకులు కొట్టి గింజ వాకిట్లో పోశారు. చలికాలం ముందు ఆ వాకిలిని మీరు చూడాలి. ఒక పక్క నులకమంచం మీద వంకాయ ఒరుగులు, ఇంకో మంచం మీద దోసకాయ ఒరుగులు, చాటల్లో గోరుచిక్కుడు. కోసి, ఉప్పు రాసి, ఎండకు పెడితే నిగనిగలాడిన కూరగాయ ముసలమ్మ చెవిలాగా ముడుచుకుపోతుంది. ముడుచుకున్నదే నిలవుంటుందని మనుషులు ఎప్పుడు కనిపెట్టారో! దూలానికి మక్కకంకుల గుత్తులు, అటక మీద గుమ్మడికాయలు, గురుగుల్లో కందిబేడలు. ఉన్న ఎండనంతా కోసి దాచుకుంటున్నట్టు ఉండేది.

ఒక మధ్యాహ్నం తూర్పున మబ్బు లేచింది. పెద్దదేం కాదు. కానీ లింగుబాయి వాకిట్లో జొన్నరాశిని చూసింది, మబ్బును చూసింది, కొంగు నడుముకు చుట్టింది.

"ఎత్తుండ్రి! గుమ్మిల పొయ్యుండ్రి!"

"అవ్వా, ఇంకో రెండెండలు సూడాలె," అన్నాడు అడెల్లు. "గింజ పచ్చిమీదనే ఉన్నది. తాటిపత్రి కప్పుదాం."

లింగుబాయి రాశి మీదినుంచి నాలుగు గింజలు తీసి నోట్లో వేసుకుంది. ఎండిన గింజ పంటి కింద పటుక్కుమనాలి. "పటుక్కుమన్నది. ఇన్నవా?"

"నీ పండ్ల సప్పుడు నాకెట్ల ఇనవడ్తదే అవ్వా?"

"ఇనవడకపోతె నోరు మూస్కొని ఎత్తు."

సుగుణ నెమ్మదిగా అంది. "అత్తా, లోపటి పూత గూడ తడి ఆరలె. నేనే రాసిన గద."

"నీ కాళ్ల పారాణి ఆరలె గని, నాకు గుమ్మి సంగతి సెప్తున్నవా?"

ఆమె అబద్ధమాడిందని నేను అనను. రాశి పైనున్న గింజలు నిజంగానే ఎండి ఉన్నాయి. పచ్చివి అడుగున ఉన్నాయి. చెయ్యి మాత్రం తనకు కావలసిన జవాబు ఎక్కడ దొరుకుతుందో అక్కడికే పోయింది. మనుషుల చేతులకు ఆ తెలివి ఉంది. వాళ్లకు తెలియకుండానే ఉంది.

ముగ్గురూ తట్టలతో మోసి నన్ను నింపారు. మబ్బు మాత్రం ఒక్క చుక్క కూడా రాల్చకుండా ఉత్తరానికి పోయింది. నా నోటికి చాట మూతపెట్టి, చుట్టూ మట్టి మెత్తి, లింగుబాయి తన అయిదు వేళ్లూ తడి మట్టిలో గుచ్చింది. ఆ ఇంటి ఆచారం అది. ఆ గుర్తు పడ్డాక పుష్యమాసం అమావాస్య దాటేదాకా పైమూతా తీయకూడదు, కింది బెజ్జమూ తెరవకూడదు. అప్పటిదాకా మక్కలు, కొర్రలు, ఒరుగులతో నెట్టుకురావాలి. ముందే తెరిస్తే చెయ్యి ఆగదని ఎవరో పాతకాలపు అత్త పెట్టిన కట్టు. ఆమె ఎప్పుడో పోయింది, కట్టు మిగిలింది.

ఇక నా లోపల ఏం జరిగిందో చెబుతాను. గింజ అంటే ప్రాణం లేనిదని మీరు అనుకుంటారు. కాదు, అది ఊపిరి పీలుస్తుంది. ఎండిన గింజ నిద్రపోయినవాడిలా, ఉందో లేదో తెలియనంత మెల్లగా పీలుస్తుంది. తడి తగిలిన గింజ మేలుకుంటుంది. ఒకటి మేలుకుంటే పక్కదాన్ని లేపుతుంది. గోడల వెంబడి, అడుగున, వేల ఊపిర్లు ఒక్కసారే మొదలయ్యాయి. బయటికి పోయే దారి లేదు. నేను వెచ్చబడ్డాను. నాకది కొత్త. అంతకుముందు ఎప్పుడూ నేను చల్లగానే ఉండేదాన్ని.

బయట చలి దిగింది. ఆ ప్రాంతపు చలి మీకు తెలిసే ఉంటుంది, తొట్టిలో నీళ్లు చేతిని కరుస్తాయి, పశువుల మూతుల్లోంచి పొగ వస్తుంది. ఒక తెల్లవారుజామున సుగుణ ఇసుర్రాయి ముందు కూర్చుని మక్కలు విసురుతూ, నడుము నొప్పికి వెనక్కి వాలి నా గోడకు వీపు ఆనించింది. ఉలిక్కిపడి లేచింది. మళ్లీ మెల్లగా ఆనించింది. విసరడం ఆపేసి కళ్లు మూసుకుంది.

"అత్తా, గుమ్మి ఎచ్చగున్నది."

లింగుబాయి వచ్చి అరచేతులు పెట్టింది, తర్వాత చెంప పెట్టింది. అట్లాగే చాలాసేపు ఉంది. ఆ ముఖం మీద ఏముందో అంత దగ్గరనుంచి నాకు కనపడలేదు కానీ, చెంప మీది కండరం సడలడం తెలిసింది. ఇన్నేళ్లలో ఆమె నన్ను ఏ పనీ లేకుండా, తట్టి చూడకుండా తాకడం అదే మొదటిసారి.

"లచ్చిమి వచ్చి కూసున్నది బిడ్డా," అంది. "ఆమె ఒళ్లు ఎచ్చగ ఉంటది."

అంతే, నాకు పసుపు పూశారు. బొట్టు పెట్టారు. పక్కింటి ముత్తెవ్వ వచ్చి చెయ్యి పెట్టి చూసి, "మా గుమ్మి పీనుగ లెక్క సల్లగున్నది. పెట్టి పుట్టినవే లింగుబాయీ!" అని మూతి ముడుచుకుని పోయింది. ఆ తర్వాత రెండుసార్లు వచ్చింది, ఏదో అడగడానికన్నట్టు. చేతులు కాచుకుని పోయింది. అడెల్లు తన మంచం నా పక్కకు జరుపుకున్నాడు. సాయంత్రాలు ముగ్గురూ నా చుట్టూ చేరి కబుర్లు చెప్పుకునేవారు. ఎన్నో ఏళ్లు కడుపునిండా జొన్నలు దాచి ఇచ్చినప్పుడు నాకు ఒక్క పసుపు బొట్టూ రాలేదు. కుళ్లిపోతున్నప్పుడు మాత్రం దేవతనయ్యాను. నాకు కోపం రాలేదు. తెలుసుకోవాలనిపించింది, ఇది ఎంతదాకా పోతుందోనని. వెచ్చదనం ఇచ్చేదాన్ని ఎక్కణ్నుంచి తెచ్చావని ఎవరూ అడగరు.

వాసన మొదలైంది. ఇప్పపువ్వు నానబెట్టిన కుండ మూత తీస్తే వచ్చే తీపి పులుపు వాసన. ఒక సాయంత్రం రొట్టె పెడుతూ సుగుణ ముక్కు ఎగబీల్చింది.

"నువ్వేమన్న తాగొచ్చినవా?"

"తాగనీకి పైసలేవి నాకు?" అన్నాడు అడెల్లు.

"మరి ఎవలు తాగిండ్రు? గుమ్మి తాగిందా?"

ఇద్దరూ పడి పడి నవ్వారు. ఆ నవ్వు నడుమలో ఎక్కడో ఆగిపోయింది. అడెల్లు రొట్టె తుంచి, తినకుండా పళ్లెంలో పెట్టాడు. సుగుణ పొయ్యిలో కట్టె సర్దింది. ఇద్దరిలో ఎవరూ నా వైపు చూడలేదు. ఆ చూడకపోవడంలోనే వాళ్లకు తెలిసిపోయిందని నాకు తెలిసింది. కానీ చూస్తే తెరవాలి. తెరిస్తే లెక్క మారుతుంది, లెక్క మారితే లారీ. ముగ్గురు మనుషులు, ముగ్గురికీ ముక్కులున్నాయి. ముసలామె ఆ వాసనను లక్ష్మి పూల వాసన అనుకుంది. కొడుకు చలికి జలుబు చేసి ముక్కు చెడిందనుకున్నాడు. కోడలు ఏమీ అనుకోకుండా ఉండటానికి పొద్దంతా పని చేసింది. మనిషికి తెలియడమూ, తెలిసిందని ఒప్పుకోవడమూ రెండు వేరు గదులు. నడుమ గోడ నాకన్నా మందం.

ఆ గోడ మొదట దాటింది సుగుణే. ఒక పొద్దున అడెల్లు ఎడ్లను తోలుకుపోయాడు, లింగుబాయి పెరట్లో ఉంది. సుగుణ నా ముందు కూర్చుంది. అమావాస్య ఇంకా రాలేదు. బెజ్జానికి కుక్కిన గుడ్డ పీకింది. ఏమీ రాలలేదు. చెయ్యి పెట్టింది. తోసుకుంటూ మోచేతి దాకా, తర్వాత భుజం దాకా.

అప్పుడే లింగుబాయి లోపలికి వచ్చింది. కోడలు నేలమీద కూలబడి, చెంప నా గోడకు ఆనించి, ఒక చెయ్యి మొత్తం గుమ్మిలో ఉంచుకుని కనపడింది. కట్టు తప్పినందుకు అరుస్తుందనుకున్నాను. అరవలేదు. చేతిలో చెంబు ఒరిగి నీళ్లు కాళ్లమీద పడుతున్నా కదలలేదు.

సుగుణ తలెత్తి చూసింది. చెయ్యి తీయలేదు. అంది.

"అత్తా, గింజలు వస్తలెవ్వు."

లింగుబాయి చిన్నప్పుడు నోట్లోనే ఉండిపోయిన మాట అది. ఇంకొకరి నోట, తన ఇంట్లో విన్నది.

"కాళీనా?" అని అడిగింది. గొంతు పెద్దదానిది కాదు, చిన్నపిల్లది.

"కాళీ గాదు. ఉన్నయి. కాల్తున్నయి."

సుగుణ బలంగా లాగింది. చేతిలో ఒక గడ్డ వచ్చింది. జొన్నలు ఒకదానికొకటి అంటుకుపోయి, తెల్లగా పచ్చగా బూజు కమ్మి, ఆ చలిలో పొగలు కక్కుతున్నాయి. లింగుబాయి దాన్ని అరచేతిలోకి తీసుకుంది. అది ఎంత వెచ్చగా ఉందో చూసుకుంది. తన చెంపకు ఇన్నిరోజులు తగిలిన వెచ్చదనమేనని గుర్తుపట్టడానికి ఆమెకు ఎక్కువసేపు పట్టలేదు.

"అడెల్లును పిల్వు," అంది. "గొడ్డలి తెమ్మను."

అడెల్లు వచ్చి చూసి, గొడ్డలి పట్టుకుని తటపటాయించాడు. "మీదికెల్లి తోడుదాం అవ్వా. కొడితె గుమ్మి పోతది."

"మీదికెల్లి తోడేసరికి అడుగుయన్ని పోతయి. తే, ఇటు తే."

గొడ్డలి కొడుకు చేతుల్లోంచి ఆమే లాక్కుంది. మొదటి దెబ్బ పసుపు బొట్టు మీదే పడింది, ఎంచుకుని కొట్టిందో ఏమో. లోపల ఏటా ఒక పూత చొప్పున ఎక్కిన మట్టి పెళ్లలు పెళ్లలుగా ఊడింది. లింగుబాయి పూతలు, వాటి మీద సుగుణ పూత, ఇంకా తడిగానే. వాటితోపాటే వెదురు చీలింది. మట్టి మెత్తాక నా అడుగుదాకా వెలుగు రావడం అదే మొదటిసారి. చీకటి నాదని అనుకునేదాన్ని. అది కూడా దాచి ఉంచినదే అని అప్పుడు తెలిసింది.

పొద్దంతా వాకిట్లో పరిచి ఏరారు. అడుగునా గోడల వెంబడీ ఉన్నది పెంటకుప్పకు పోయింది. పశువులకు కూడా పెట్టడానికి లేదు. నడుమనున్నది తడిసింది కానీ చెడలేదు, దాన్ని ఎండకు ఆరబోశారు. చేతికి దక్కింది సగం అనుకోండి. సాయంత్రానికి అడెల్లు కాళ్లు కడుక్కుని, ఎవరినీ చూడకుండా అన్నాడు.

"గుంపు మేస్త్రి ఇంకో లారీ పంపుతున్నడంట. అడిగొస్త."

సుగుణ ఏరుతున్న చాట కింద పెట్టింది.

లింగుబాయి లేచి ఇంట్లోకి పోయింది. చాలాసేపు చప్పుళ్లు వినపడ్డాయి. ఆమె బయటికి వచ్చినప్పుడు చంకలో ఒక కుండ ఉంది, మూతికి పాతచీర పేలిక కట్టి. కింద పెట్టి మళ్లీ పోయింది. అటక మీద గుమ్మడికాయల వెనకనుంచి ఒకటి, మంచం కింద మూటలో ఒకటి, పొయ్యి పక్క నేల తవ్వి పూడ్చిన జాడీ ఒకటి, దేవుడి గూట్లో దీపపు కుందె వెనక ఒక సొరబుర్ర. సజ్జలు, కొర్రలు, కందులు, జొన్నలు. కొడుకు తెల్లబోయి చూస్తున్నాడు.

"ఇదెప్పటిదే అవ్వా?"

"మొన్నటేడుది."

"ఇది?"

"అడుగకు. ఇప్పు."

రెండు కుండల్లో పిండి తప్ప ఏమీ మిగల్లేదు, పురుగు తినేసింది. మిగతావన్నీ బాగున్నాయి. నాకప్పుడు అర్థమైంది. ఇన్నేళ్లు రోజూ నన్ను తట్టి చెవి ఆనించిన మనిషి నన్ను ఒక్కరోజు కూడా నమ్మలేదు. ఏ భయం పచ్చి గింజల్ని నా లోపల పోయించిందో, ఆ భయమే వీటిని కూడా దాచిపెట్టింది. ఒక చేత్తో చెరిపిందాన్ని ఇంకో చేత్తో ఎప్పుడో దిద్ది పెట్టింది, రెండూ తెలియకుండానే.

సుగుణకు నవ్వు ఆగలేదు. "అత్తా, ఈ ఇంట్ల మనముంటున్నమా, నీ గురుగులుంటున్నయా?"

"నగు, నగు. తినేటప్పుడు నగుదువు."

అన్నీ వచ్చాయనుకున్నారు. లింగుబాయి మాత్రం గడపమీద కూర్చుంది. ఒళ్లో చిన్న ఇత్తడి చెంబు, మూత బిగించి ఉంది. రెండు చేతులూ దానిమీద పెట్టుకుంది. ఎవరూ అడగలేదు. దాంట్లో పిడికెడు జొన్నలకన్నా పట్టవు. వాటితో ఒక పూట కూడా గడవదు. అయినా దాన్ని వదలడానికి ఆమెకు ఆ కుండలన్నీ మోసినదానికన్నా ఎక్కువసేపు పట్టింది. చివరికి మూత తీసి, రాశిలో గుమ్మరించి, చెంబును బోర్లించి తట్టింది.

"ఇగ ఏం లేవు," అంది. "ఇల్లంత సూడు. యాడ ఏం లేవు."

ఆ మాట అని ఆమె చుట్టూ చూసింది, ఏదో పడిపోతుందేమోనన్నట్టు. ఏమీ పడలేదు. సుగుణ పొయ్యి ముట్టించింది.

అడెల్లు మేస్త్రి దగ్గరికి పోలేదు. చలికాలమంతా రోజుకో రకం తిన్నారు, ఒకరోజు కొర్రన్నం, ఒకరోజు సజ్జరొట్టె, ఒకరోజు మక్క గటక. దేనిలోకైనా ఒరుగుల కూరే. "తిని తిని నేనే ఒరుగైన," అనేవాడు అడెల్లు ముంజేయి ఎండకు చాపి. "ఇంకో నాలుగు దినాలైతె ఉప్పు రాసి అటకెక్కిస్త," అనేది సుగుణ.

నా చోట ఇప్పుడు నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము నిలబడింది. తడి రానివ్వదంట, ఎలుక కొరకదంట. లింగుబాయి దాన్ని ఒకటి రెండుసార్లు తట్టి చూసింది. అది నిండినా ఖాళీ అయినా ఒకే చప్పుడు చేస్తుంది. తట్టడం మానేసింది. మంచిదే అనుకుంటాను. అయినా పొద్దున్నే ఆ వేళ్లు ఏం చేసుకుంటాయో అని ఆలోచన వస్తుంటుంది.

నన్ను పెరట్లోకి దొర్లించి, పక్కకు పడేసి, గొడ్డలి గాయం తూర్పుకు వచ్చేట్టు పెట్టారు. కోళ్లు గుడ్లు పెట్టుకుంటాయన్నారు. పెట్టాయి కూడా. తర్వాతి చలికాలం ఒక పొద్దున లింగుబాయి వచ్చింది. కోళ్లను తోలి, కొంగుతో అడుగు దులిపి, వంగి నా లోపలికి వచ్చి కూర్చుంది. ఈదురుగాలి నా వెనక తగులుతోంది, ముందు ఎండ. ఆ తర్వాత రోజూ వస్తోంది. పూత వేయదు, మాట్లాడదు. ఊరికే కూర్చుంటుంది. ఆమె ఒంటి వెచ్చదనం మెల్లగా నా మట్టికి పాకుతుంది. ఇది దేని వెచ్చదనమో ఎవరూ అడగలేదు. ఈసారి అడిగితే దాచకుండా చెప్పగలను.

మొన్న సుగుణ పొయ్యి మీద జొన్నపేలాలు వేయించి తెచ్చింది. కడుపుతో ఉంది, చుట్టూ తిరిగి గాయం వైపుకు రావడం, వంగడం ఆమెకు కష్టం. నా వెనక వైపు నిలబడి పిలిచింది.

"ఓ అత్తా! గుమ్మిల పడ్డవా? బెజ్జంల కెల్లి సెయ్యి పెట్టు."

లింగుబాయి ఒకసారి ఆ బెజ్జం వైపు చూసింది. సుగుణ పీకిన గుడ్డను మళ్లీ ఎవరూ కుక్కలేదు, అందులోంచి గుండ్రంగా పగలు కనపడుతోంది. మెల్లగా చెయ్యి పెట్టింది. మణికట్టు దాకా, తర్వాత మోచేతి దాకా. అవతల సుగుణ ఆ అరచేతిలో వేడివేడి పేలాలు పోసి, వేళ్లు మూసింది.

పేలాలు చల్లారుతున్నా లింగుబాయి చెయ్యి లోపలికి తీసుకోలేదు. పిడికిలి బిగించి, చాలాసేపు అట్లాగే ఉంచింది.